విదేశాల నుండి తిరిగి వచ్చే ప్రయాణికులకు కోవిడ్-19 పరీక్షా నిబంధనలు

కోవిడ్-19 మహమ్మారి కాలంలో విదేశాల నుండి విమానాలలో భారతదేశానికి తిరిగి వచ్చే ప్రయాణికులు వ్యాధి పరీక్ష చేయించుకొని దాని ఫలితాన్ని అధికారులకు చూపవలసి ఉండేది. ఈ నిబంధనలు 2020 నుండి 2023 వరకు వివిధ రూపాలలో అమలులో ఉన్నవి. టీకా మోతాదులు పూర్తిచేసుకొన్న వారికి కూడా 2022 ఫిబ్రవరి 14 వరకు ప్రయాణానికి ముందు పరీక్ష తప్పలేదు. గల్ఫ్ దేశాలు, అమెరికా, ఐరోపాలలో నివసించే తెలుగువారి రాకపోకలు ఈ నిబంధనల వలన ఎంతగానో ప్రభావితమైనవి.

నేపథ్యం

భారత ప్రభుత్వం 2020 మార్చి 22 నుండి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను నిలిపివేసినది. విదేశాలలో చిక్కుకొన్నవారిని స్వదేశానికి చేర్చుటకు మే 7న వందే భారత్ మిషన్ ప్రారంభమైనది. ఇందులో భాగంగా మే 9న కువైట్ నుండి ఒక విమానం హైదరాబాదు చేరినది. సాధారణ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న గాని పునఃప్రారంభం కాలేదు.

తొలి దశలో పరీక్ష కంటె క్వారంటైన్‌కే ప్రాధాన్యం ఉండేది. 2020 మేలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం ప్రయాణికులు 7 రోజులు తమ ఖర్చుతో కేటాయించిన వసతిలోను, మరి 7 రోజులు ఇంటిలోను విడిగా ఉండవలసి వచ్చినది. 2020 ఆగస్టు 8 నుండి ప్రయాణానికి ముందు 96 గంటలలోపు చేసిన పరీక్షలో నెగటివ్ వచ్చినవారికి వసతి క్వారంటైన్ నుండి మినహాయింపు ఇచ్చిరి. అనగా పరీక్ష మొదట ఒక వెసులుబాటుగా వచ్చి, తరువాత విధిగా మారినది.

పరీక్షా విధానం

ప్రామాణికంగా ఎంచుకొన్నది ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష. ముక్కు, గొంతు నుండి తీసిన నమూనాలోని వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముందుగా డిఎన్‌ఏగా మార్చి, దానిని అనేక రెట్లు పెంచి గుర్తిస్తారు. అందువలన వైరస్ అతి స్వల్పంగా ఉన్నను బయటపడుతుంది. అయితే వ్యాధి తగ్గిన తరువాత శరీరంలో మిగిలిన వైరస్ శకలాలను కూడా ఈ పరీక్ష పట్టుకొనగలదు. కనుక కోలుకొన్నవారికి సైతం కొన్ని వారాల పాటు పాజిటివ్ రావచ్చును.

టీకా వేసుకొన్నవారికి పరీక్ష ఎందుకు

టీకా ధ్రువపత్రం, పరీక్షా ఫలితం వేర్వేరు విషయాలను తెలుపుతాయి. టీకా వలన వ్యాధి తీవ్రత, మరణ భయం బాగా తగ్గుతాయి. కాని వైరస్ సోకకుండా గాని, ఇతరులకు వ్యాపించకుండా గాని అది పూర్తిగా ఆపలేదు. డెల్టా, ఒమిక్రాన్ రకాల వ్యాప్తిలో ఇది స్పష్టమైనది. పరీక్ష నమూనా ఇచ్చిన నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. నమూనా ఇచ్చిన మరునాడు వైరస్ సోకినచో ఆ ఫలితం వలన ప్రయోజనం లేదు. ఈ కారణంగానే గడువును గంటలలో నిర్ణయించిరి.

నిబంధనల క్రమం

* 2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి నుండి: ప్రయాణికులందరికీ 72 గంటలలోపు చేసిన పరీక్షలో నెగటివ్ ఫలితం తప్పనిసరి అయినది. దానిని ఎయిర్ సువిధ పోర్టల్‌లో నమోదు చేయవలెను. బ్రిటన్, ఐరోపా, మధ్యప్రాచ్యం నుండి వచ్చేవారు దిగిన తరువాత కూడా సొంత ఖర్చుతో నమూనా ఇవ్వవలసి ఉండేది.
* 2021 అక్టోబరు 4: భారతీయుల టీకా ధ్రువపత్రాన్ని బ్రిటన్ అంగీకరించనందుకు ప్రతిగా, టీకా వేసుకొన్న బ్రిటన్ పౌరులకు సైతం భారత్ పరీక్షలు, 10 రోజుల క్వారంటైన్ విధించినది. బ్రిటన్ తన నియమాన్ని సడలించిన పిమ్మట, అదే నెల 13న దీనిని ఉపసంహరించిరి.
* 2021 అక్టోబరు 25: పరస్పర గుర్తింపు ఉన్న దేశాల నుండి, టీకా పూర్తయి 15 రోజులు గడచిన తరువాత వచ్చినవారికి క్వారంటైన్ తొలగించిరి. ముందస్తు పరీక్ష మాత్రం కొనసాగినది.
* 2021 డిసెంబరు 1: ఒమిక్రాన్ కారణంగా, ముప్పు ఉన్నవిగా ప్రకటించిన దేశాల నుండి వచ్చేవారు టీకాతో నిమిత్తం లేకుండా విమానాశ్రయంలో పరీక్ష చేయించుకొని, ఫలితం కొరకు వేచియుండవలసి వచ్చినది. నెగటివ్ వచ్చినను 7 రోజులు గృహ క్వారంటైన్‌లో ఉండి, ఎనిమిదవ రోజు మరల పరీక్ష చేయించుకొనవలెను.
* 2022 ఫిబ్రవరి 14: జాబితాలోని 82 దేశాల నుండి వచ్చేవారు పరీక్షా ఫలితానికి బదులు టీకా ధ్రువపత్రం చూపిన చాలును. తెలుగువారు అధికంగా పనిచేసే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తొలి జాబితాలో లేదు.

మినహాయింపులు

ఐదేళ్లలోపు పిల్లలకు పరీక్ష నుండి మినహాయింపు ఉండేది. 2021 ఫిబ్రవరి నిబంధనలలో, కుటుంబంలో మరణం సంభవించి వచ్చేవారికి ముందస్తు పరీక్ష లేకుండా ప్రయాణించే అవకాశం కల్పించిరి. కాని అందుకు విమానం ఎక్కుటకు కనీసం 72 గంటల ముందు దరఖాస్తు చేయవలెనని నియమం. అంత్యక్రియలకు అందుకొనవలసిన వారికి ఈ గడువే పెద్ద అవరోధము.

పల్నాడు ప్రాంతం

ఆ కాలంలో అత్యధిక భాగం దుర్గి మండలం గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాలో చేరినది. పల్నాడులో విమానాశ్రయం లేదు. దుర్గి, మాచర్ల ప్రాంతాల వారు శంషాబాదులో గాని గన్నవరంలో గాని దిగి, రోడ్డు మార్గాన ఇల్లు చేరవలెను. అందువలన విమానాశ్రయంలో ఫలితం కొరకు వేచియుండుట వీరికి మరింత భారము. గృహ క్వారంటైన్‌కు విడిగా ఒక గది అవసరము. ఒకటి రెండు గదుల ఇండ్లలో, వృద్ధులున్న కుటుంబాలలో ఇది సులభసాధ్యము కాదు. ఆ వృద్ధులను కాపాడుటయే నియమం యొక్క ఉద్దేశము; వారిని చూచుటకే ప్రయాణికుడు వచ్చేది.

ఉపసంహరణ

ఎయిర్ సువిధ నమోదును 2022 నవంబరు 22న తొలగించిరి. చైనాలో వ్యాధి తిరిగి ప్రబలగా 2023 జనవరి 1 నుండి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్‌ల నుండి వచ్చేవారికి పరీక్షను మరల తప్పనిసరి చేసి, ఫిబ్రవరి 13న సడలించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. విమానాశ్రయాలలో మిగిలియున్న 2 శాతం యాదృచ్ఛిక పరీక్షలు 2023 జూలై 20న నిలిచిపోయినవి.