జారు పలికిన వెండి పెట్టె

జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1981 చివర్లో టీబీ-303 అనే చిన్న వెండి రంగు పెట్టెను బజారులోకి తెచ్చింది. రూపకర్త తడావో కికుమోతో. ఒంటరిగా గిటార్ సాధన చేసేవాళ్లకు పక్కన బేస్ గిటార్ వాయించే తోడు దొరికినట్టుండాలన్నది ఉద్దేశం. అమెరికాలో ధర 395 డాలర్లు. కానీ దాని గొంతుకూ తీగ మోతకూ పోలికే లేదు. పైగా పాట ఎక్కించడం పెద్ద యాతన: ముందు స్వరాలన్నీ వరసగా నొక్కాలి, తర్వాత మళ్లీ మొదటికొచ్చి ఏ స్వరం ఎంతసేపో విడిగా చెప్పాలి. సుమారు పదివేలు తయారయ్యాక 1984లో ఉత్పత్తి ఆపేశారు. మిగిలినవి చవగ్గా సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరాయి. ఇవాళ అదే పెట్టెకు సేకరణకర్తలు వేల డాలర్లు పోస్తున్నారు. అరుదుగా దొరుకుతుంది కాబట్టే ఇంత వెల అని సులువుగా అనేస్తారు. అరుదైనవన్నీ విలువైనవైతే, అమ్ముడుపోని ప్రతి యంత్రానికీ ఈ యోగం పట్టాలి కదా! ఈ పెట్టెను వాద్యంగా తయారుచేసిన పనిలో సగం ఫ్యాక్టరీ గేటు దాటాకే జరిగిందని నా వాదన.

ముందు దాని లోపలికి తొంగిచూడాలి. స్వరం పుట్టించేది ఒకే ఒక్క ఆసిలేటర్. అది రంపపు పళ్ల ఆకారంలోనో, చదరపు ఆకారంలోనో విద్యుత్తును ఊపుతుంది. ఆ ఊపులో అసలు స్వరంతో పాటు దాని పైస్థాయి ఉపస్వరాలు గుంపుగా ఉంటాయి. ఫిల్టర్ ఒక హద్దు గీసి, ఆ పైవాటిని అణచివేస్తుంది. ఆ హద్దును పైకీ కిందికీ జరపడానికి ఒక నాబ్ ఉంది. రెజొనెన్స్ అనే పక్క నాబ్, సరిగ్గా ఆ హద్దు మీదున్న ఉపస్వరాలను రెచ్చగొడుతుంది. రెండూ కలిపి తిప్పితే గొణుగుడు కాస్తా మూలుగై, మూలుగు ఈలై, చివరికి కీచుమంటుంది. ఇక యాక్సెంట్ మీట సంగతి. నొక్కి పలకమని చెప్పిన స్వరం దగ్గర ఒక కెపాసిటర్ నిండుతుంది. అది పూర్తిగా ఖాళీ కాకముందే మరో నొక్కు పడితే మిగిలిన దాని మీద కొత్తది పేరుకుంటుంది. అందుకే వరసగా పడ్డ నొక్కుల్లో మూడోది మొదటిదానిలా మోగదు. ఇంకొకటి స్లయిడ్. ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారుతుంది. దూరం ఎంతైనా జారే సమయం ఒకటే, కనుక పక్క స్వరానికి మెల్లగా ఒరిగితే దూరపు స్వరానికి ఒక్క ఊపున దూకుతుంది. వీణ మీద జారు విన్న చెవికి ఇది మరీ పరాయిగా తోచదు.

ఆ చుట్టరికాన్ని ముందుగా పట్టుకున్నవారిలో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఒకరు. 1982లో ఆయన ఈ పెట్టెనూ, రోలాండ్ వారివే టీఆర్-808 డ్రమ్ యంత్రాన్నీ, జూపిటర్-8 కీబోర్డునూ కలిపి పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశారు. అందులో మన మోహనకు జోడైన భూపాలీ ఉంది, హిందోళానికి జోడైన మాల్‌కౌన్స్ ఉంది. రికార్డు అమ్ముడుపోలేదు. 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే పెట్టె నాబ్‌లను పాట నడుస్తుండగా తిప్పుతూ పోయి ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసింది. యాసిడ్ హౌస్ అనే సంగీత ధోరణికి పేరు దాన్నుంచే వచ్చిందని చాలామంది అంటారు. సింగ్ రికార్డు సంగతి షికాగో యువకులకు తెలుసనడానికి ఆధారం లేదు. ఒకరినొకరు ఎరగనివాళ్లు, రెండు ఖండాల్లో, తయారీదారు ఊహించని గొంతునే దాన్నుంచి రాబట్టారు. నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ గొంతు సర్క్యూట్లో మొదటినుంచీ ఉన్నదే, ఘనత కికుమోతోదే కదా అనవచ్చు. ఒప్పుకోవాల్సిన మాటే. నాబ్‌లను లోపల దాచకుండా వేళ్లకు అందేలా పైన పెట్టింది ఆయనే. అయితే తలుపు పెట్టినవాడు వేరు, అందులోంచి నడిచినవాడు వేరు. అంతకంటే గట్టి ఆక్షేపణ, ఈ పెట్టెను విప్పి మార్పులు చేసేవాళ్ల మీద సేకరణకర్తలది: పదివేలే ఉన్న యంత్రాన్ని విప్పి సోల్డరింగ్ ఇనుము పెట్టడం చరిత్రను చెరపడం కాదా? చేతకానివాళ్ల చేతుల్లో అది నిజమే. కానీ 1993లో ఆస్ట్రేలియాలో రాబిన్ విట్టిల్ ఈ పెట్టె కోసం మొదలుపెట్టిన డెవిల్ ఫిష్ మార్పు చూడండి. స్లయిడ్ వేగం, యాక్సెంట్ బలం, ఫిల్టర్ పరిధి అన్నీ వాయించేవారి చేతికొస్తాయి. నాబ్‌లను తగిన చోట నిలిపితే పాత గొంతు పాతగానే పలుకుతుంది. ఇది చెరపడం ఎలా అవుతుంది? గాజు బీరువాలో ఎన్నడూ మోగకుండా కూర్చున్న పెట్టెకు జరిగే నష్టమే నా దృష్టిలో పెద్దది.

కంప్యూటర్‌లో ఇదే శబ్దం వస్తుంటే పాత ఇనుము ఎందుకన్నది మరో ప్రశ్న. రోలాండే 2016లో టీబీ-03 పేరుతో డిజిటల్ నమూనా తెచ్చింది. శబ్దం చాలా దగ్గరగా ఉంటుంది, దాన్ని తక్కువ చేయను. ఆ నమూనా ఏ తీగను అనుకరిస్తోందో తెలియాలంటే మాత్రం విప్పి కొలవడానికి అసలు సర్క్యూట్ ఒకటి ఎక్కడో బతికి ఉండాలి. పైగా ఒక తీగను మరో చోట అంటించి ఏం మోగుతుందో వినే అవకాశం ఇనుములోనే ఉంది.

మీ అటక మీద మూలపడిన పాత కీబోర్డో రిథమ్ బాక్సో ఉంటే పాత సామానులవాడికి వేయకండి. ముందు బ్యాటరీలు తీసేయండి, కారిన బ్యాటరీ లోపలి రాగిని తినేస్తుంది. గోడ ప్లగ్గుతో నడిచేదాన్ని తెలియకుండా విప్పొద్దు, ప్రాణాపాయం. బ్యాటరీతో నడిచేదైతే సోల్డరింగ్ తెలిసిన పిల్లల చేతికివ్వండి.