మంచుకొండల్లో సెలవులు... ఇల్లాలికి కూడా!

ఏప్రిల్ దాటిందంటే మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఎండ 45 డిగ్రీలకు ఎగబాకుతుంది. కూలర్ ముందు కూర్చుని టీవీ పెడితే పాటలో కనుచూపు మేరా మంచు! చెక్క ఇళ్లు, వాటి కప్పుల మీద దూది పరిచినట్టు తెల్లదనం, కొండవాలు మీద సర్రున జారిపోతున్న జనం. "ఒక్కసారన్న ఆడికి పోవాలె" అనుకోని ఇల్లాలు ఉంటుందా? అంతలో కుక్కర్ కూత వేస్తుంది, మనం లేచిపోతాం. కోరిక అక్కడే ఉండిపోతుంది.

నిజానికి మన ప్రాంతానికి దూరప్రయాణాలు కొత్త కాదు. గల్ఫ్‌కు మనిషి వెళ్లని వాడకట్టు లేదు. బీరువాలో చీరల కింద పాస్‌పోర్టు దాచిన ఇళ్లెన్నో! దుబాయిలో 2005లో ఒక పెద్ద మాల్ లోపల "స్కీ దుబాయి" తెరిచారు. మరమంచు మీద జారుతూ అక్కడ ఫోటో దిగి ఇంటికి పంపినవారూ ఉన్నారు. ఎడారిలో ఉన్న ఆయన మంచు చూశాడు. ఇంటి దగ్గర పిల్లల్నీ, అత్తామామల్నీ, అప్పుల వాయిదాల్నీ చూసుకున్న ఆవిడే ఇంకా చూడలేదు!

కనుక ఈసారి ఆయన చుట్టీ మీద వచ్చినప్పుడో, పిల్లల సెలవులకో మంచుకొండలకు వెళ్లడం గురించి ఆలోచించండి. అయితే ముందే ఒక్క మాట తేల్చుకోవాలి. యాత్ర అంటే ఇంట్లో అందరికీ సెలవే, ఇల్లాలికి మాత్రం అది ఊరు మారిన వంటిల్లు! పిల్లల స్వెట్టర్లు వెతకడం, ఆయన మాత్రలు గుర్తుచేయడం, హోటల్ గదిలో ఉప్మా కలపడం... ఇలాగైతే ఎంత ఖరీదైన హోటల్లో దిగినా అది విలాసం కాదు. మనకు విలాసమంటే పాలరాతి మెట్లు కావు, పొద్దున్నే వేడివేడి టీ ఎవరో తెచ్చి చేతికివ్వడం. అవునా, కాదా? ఆ లెక్కలోనే ప్లాన్ ఎలా వేసుకోవాలో చూద్దాం.

మంచుపల్లె ముచ్చట

మనం సినిమాల్లో చూసే పల్లెలు చాలావరకు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో వ్యాపించిన ఆల్ప్స్ పర్వతాల్లోవి. అక్కడివారూ ఒకప్పుడు ఆవుల్ని మేపుకుని, చీజ్ చేసుకుని బతికిన రైతులే. యాత్రికులు ఎండాకాలంలోనే వచ్చేవారు. 1864లో సెయింట్ మోరిట్జ్ ఊళ్లో బడ్రుట్ అనే హోటల్ యజమాని తన ఇంగ్లీషు అతిథులతో "చలికాలంలో రండి, నచ్చకపోతే దారిఖర్చు నేనిస్తా" అని పందెం కాశాడని చెబుతారు. వచ్చినవాళ్లు వసంతం దాకా కదల్లేదట! చలికాలపు విహారాలకు అదే నాంది అంటారు.

వీటిలో పేరున్న ఊరు జెర్మాట్. సుమారు 1600 మీటర్ల ఎత్తున, 4478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం కింద ఉంటుంది. పెట్రోలు కార్లను ఊళ్లోకి రానివ్వరు. కింద టాష్ అనే ఊళ్లో కారు వదిలి రైలెక్కాల్సిందే. పాత వీధిలో ఎండకు నల్లబడిన చెక్క ధాన్యపు కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎలుకలు ఎక్కకుండా వాటి కాళ్లకూ కొట్టుకూ మధ్య గుండ్రటి రాతి పలకలు పెట్టారు. మన పల్లెల్లో వడ్ల గుమ్మిని ఎలుకల నుంచి కాపాడుకునే తిప్పలే కదూ! ఆ మాటర్‌హార్న్‌ను 1871లో లూసీ వాకర్ అనే మహిళ ఎక్కింది. ఆ శిఖరమెక్కిన తొలి స్త్రీ ఆవిడే. మన పక్కనే నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. మంచు మగవాళ్ల సొత్తేమీ కాదు సుమా!

ఆల్ప్సా? మనాలీయా?

చేతిలో డబ్బు బాగా ఉన్నవారికి, లేదా పిల్లలు యూరప్‌లో స్థిరపడినవారికి ఆల్ప్స్ అందుతుంది. స్విట్జర్లాండ్‌కు షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి దాని రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు. వీసా కేంద్రం ఫీజు దీనికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆయన గల్ఫ్‌లో ఉద్యోగంలో ఉంటే తన దరఖాస్తు అక్కడే ఇచ్చుకోవాలి, మీరు హైదరాబాద్‌లో ఇవ్వాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా పాస్‌పోర్టు గడువు ఉండాలి. ఇక ఖర్చు సంగతి: 2025లో ఒక స్విస్ ఫ్రాంకు విలువ వంద రూపాయలు దాటింది. అక్కడ కాఫీ తాగినా గుండె ఝల్లుమంటుంది!

నెలజీతం మీద, మగ్గం మీద, వ్యవసాయం మీద నడిచే ఇళ్లకు మన హిమాలయాలే మేలు. హిమాచల్‌లోని మనాలీ సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉంది. దగ్గర్లోని సోలాంగ్ లోయలో స్కీయింగ్ వాలులున్నాయి. అక్కడి బురువా గ్రామం అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీ పోటీల్లో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో మన దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చింది. ఆల్ప్స్ చెక్క ఇళ్లను తలపించే ఇళ్లూ అక్కడున్నాయి. ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దుంగ పేర్చి కడతారు. దాన్ని కాఠ్‌కుణీ పద్ధతి అంటారు. కింద పశువులు, పైన మనుషులు. నగ్గర్‌లోని పాత కోట ఆ పద్ధతిలో కట్టిందే.

దారి కూడా తెలిసిందే. కాజీపేటలోనో రామగుండంలోనో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలీ. ఖర్చు పెట్టగలిగినవారు హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానంలో వెళ్లి అక్కడ కారు మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే చండీగఢ్‌లో ఒక రాత్రి ఆగండి. ఒక్క రోజు గది అద్దె ఎక్కువైనా నడుములు నిలుస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి?

ఆల్ప్స్‌లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు కాలం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. ఫిబ్రవరిలో అక్కడి బడి పిల్లలకు సెలవులు కనుక మళ్లీ పెరుగుతాయి. మధ్యలో కాస్త తగ్గేది జనవరి రెండు, మూడు వారాలు. అంటే సరిగ్గా మన సంక్రాంతి సెలవులన్నమాట!

మనాలీలో అయితే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచు దొరికే అవకాశం ఎక్కువ. అయినా ఆకాశం మన మాట వినదు. సోలాంగ్‌లో మంచు పడని రోజుల్లో 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు వెళితే దొరకవచ్చు. కానీ మంచు మరీ ఎక్కువ పడితే సొరంగం దారి మూసేస్తారు. కొన్ని ఏళ్లు స్థానిక పండుగల కోసం అక్కడి పల్లెలు యాత్రికుల్ని కొన్నాళ్లు ఆపడమూ ఉంది. హోటల్ వారిని ముందే ఫోనులో అడగండి. ఒక రోజు ఖాళీగా ఉంచుకుని టికెట్లు కొంటే మనసు కుదుటగా ఉంటుంది.

పైసల లెక్క

బంగారం కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి మంచు చూడకండి. మంచు కరిగిపోతుంది గానీ వడ్డీ కరగదు! ఏడాది ముందే బ్యాంకులో ఆర్.డి. కట్టడం మొదలుపెట్టండి. ఖర్చును అయిదు ముడుపులుగా రాసుకోండి: దారి, గది, తిండి, స్కీయింగ్ సామాను అద్దె, ఆపద ఖర్చు. అయిదో ముడుపు ఎవరడిగినా విప్పవద్దు.

డబ్బు తగ్గించాల్సి వస్తే ఎక్కడ తగ్గించాలి? రోజులు తగ్గించండి, కొనుగోళ్లు తగ్గించండి. గదిలో వెచ్చదనం, పొద్దుటి టిఫిన్, మంచి శిక్షకుడు... ఈ మూడింటిలో మాత్రం పొదుపు వద్దు. గది మాట్లాడేటప్పుడు "హీటర్ రాత్రంతా పనిచేస్తుందా? దానికి వేరే డబ్బు తీసుకుంటారా? వేడినీళ్లు ఎన్ని గంటలు వస్తాయి?" అని అడగండి. కిటికీలోంచి కనబడే కొండ కంటే కుళాయిలోంచి వచ్చే వేడినీళ్లు ముఖ్యం!

బట్టల సంగతి సిరిసిల్ల వారికి చెప్పాలా?

మరమగ్గాల మధ్య బతికేవారికి బట్ట గుణం తెలుసు. నూలు నీటిని పీలుస్తుంది, పాలిస్టర్ అంతగా పీల్చదు. మన ఎండకు నూలు దేవుడు, మంచులో మాత్రం శత్రువు. తడిసిన నూలు ఒంటికి అంటుకుని చలిని లోపలికి తెస్తుంది. కనుక మూడు పొరలు వేసుకోండి. లోపల ఒంటిని పట్టుకునే థర్మల్ బట్టలు, దాని మీద ఉన్ని స్వెట్టర్, పైన నీరు దిగని కోటు. ఒక్క మందపాటి స్వెట్టర్ కంటే ఇదే వెచ్చన. చీర వదలని అత్తమ్మలు దాని కింద థర్మల్ ప్యాంటు, ఉన్ని మేజోళ్లు వేసుకోవచ్చు.

పైకోటు, బూట్లు కొననక్కర్లేదు. సోలాంగ్ దారి పొడవునా అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. తీసుకునే ముందు బూటులో చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. మేజోళ్లు, చేతి తొడుగులు మాత్రం సొంతవే తీసుకెళ్లండి, మనిషికి రెండేసి జతలు.

స్కీయింగ్‌కు భయపడాలా?

కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని వాలు మీద జారడమే స్కీయింగ్. మొదటి రోజు జారడం కంటే పడటం ఎక్కువ! సిగ్గుపడకండి, ఆల్ప్స్‌లో పుట్టిన పిల్లలూ అలాగే నేర్చుకుంటారు. ముందు నేర్చుకోవలసింది ఆగడం. రెండు పలకల ముందు కొసల్ని దగ్గరికి తెచ్చి, వెనక కొసల్ని వెడల్పు చేస్తే వేగం తగ్గుతుంది. యూరప్‌లో నీలం గుర్తున్న దారులు తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు ఆరితేరినవారికి. రోజుకు రెండు గంటలు చాలు. శిక్షకుడిని సర్టిఫికెట్ అడగడం తప్పు కాదు. మోకాళ్ల నొప్పులున్నవారు స్లెడ్జి బండి మీద కూర్చుని జారవచ్చు, ఆ సరదా తక్కువేమీ కాదు.

తిండి... పొయ్యి వెలిగించకుండా

సంక్రాంతికి ఎలాగూ సకినాలు చేస్తాం కదా! అవే యాత్రకు సరైన తోడు. గరిజలు, నువ్వుల ముద్దలు, అటుకుల చుడువా కూడా పొయ్యి అవసరం లేని తిండి. పచ్చడి సీసాను విమానంలో చేతిసంచిలో పెట్టకండి, పెద్ద పెట్టెలో పెట్టండి. స్విట్జర్లాండ్‌కు వెళ్లేవారు మాంసం, పాల పదార్థాలు తీసుకుపోకూడదు. అంటే నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదలాలి.

మనాలీలో రాజ్మా అన్నం, గోధుమపిండిని పులియబెట్టి ఆవిరి మీద ఉడికించే సిడ్డూ తినండి, మన కుడుములకు దగ్గరి చుట్టం! ఆల్ప్స్‌లో కరిగించిన చీజ్‌లో రొట్టెముక్కలు ముంచుకు తినే ఫాండ్యూ, ఆలుగడ్డ తురుముతో కాల్చే రోస్టీ ప్రసిద్ధం. రోస్టీలో పందిమాంసం కలిపారేమో అడగాలి. అక్కడి సంప్రదాయ చీజ్‌లలో చాలావాటికి దూడ పొట్టలోని పదార్థం తోడు వేస్తారు, కాబట్టి కచ్చితమైన శాకాహారులు అడిగి తినండి.

ఇవి మరవకండి

* చలికి తాళలేక మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని విషవాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిన చలికాలంలో ఇలాంటి వార్తలు వింటూనే ఉంటాం.
* బి.పి., ఆస్తమా, గుండె జబ్బున్నవారు డాక్టరును అడిగే బయల్దేరాలి. మొదటి రోజు తిరగడం తగ్గించి ఎత్తుకు అలవాటు పడాలి.
* కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికే వస్తాయి. నల్ల కళ్లద్దాలు, ముఖానికి క్రీము పిల్లలకూ కావాలి.
* మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు స్కీయింగ్ దెబ్బలకు వర్తించదు. ఆ ఆటను చేర్చారా అని కాగితంలో చదివి చూసుకోండి.

ఇల్లాలి సెలవు పత్రం

చివరిది, అసలుది. బయల్దేరే వారం ముందు అందరినీ కూర్చోబెట్టి పనులు పంచండి. టికెట్లు, గుర్తింపు కార్డులు ఆయనవి. ఎవరి సంచి వాళ్లు సర్దుకోవాలి, పదేళ్ల పిల్లవాడైనా సరే. మాత్రల డబ్బా పెద్ద కూతురిది. ఊళ్లో ఉండిపోయే అత్తామామలకు రెండు పూటలా అన్నం చూసే బాధ్యత ఆడబిడ్డకో, మరదలికో ముందే మాట్లాడి ఒప్పించండి. రేపు వాళ్లు వెళ్లేటప్పుడు మీరు చూస్తారు, ఇందులో మొహమాటమెందుకు?

అక్కడ ఒక పూట పూర్తిగా మీదని ముందే చెప్పండి. పిల్లల్ని ఆయనకు అప్పగించి స్కీయింగ్ నేర్చుకుంటారో, ఎండలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. ఏళ్ల తరబడి ఒంటిచేత్తో సంసారం లాగిన మనిషికి ఆ ఒక్క పూట ఇవ్వడానికి ఏ ఇంటాయనా కాదనడు... అడిగితే! మనం అడగం, అదే వచ్చిన చిక్కు.

మరి ఈ నెల నుంచే ఆర్.డి. మొదలుపెడతారు కదూ?