పక్క సీటాయనే పంతులు!

ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ ఇస్తారు. నోట్సు రాసుకుంటాం, పరీక్ష పెడితే పాసవుతాం. తీరా సీట్లో కూర్చున్నాక మొదటి చిక్కు ఎదురవగానే ఆ నోట్సు ఎవరూ తెరవరు. పక్క సీటు వైపు కాస్త వంగి ‘ఇదెలాగండీ?’ అని అడుగుతారు. ఆ చిన్న ప్రశ్న దేశాలు దాటి వెళ్లి జవాబు తెచ్చుకుంటే? కొన్ని సంస్థలు ఆ ఏర్పాటు చేసి చూశాయి. ఫోన్లో వాట్సాప్ గ్రూపులు లేని ఆఫీసే కనిపించని ఈ రోజుల్లో వాటి అనుభవం మనకూ పనికొస్తుంది.

‘ఓ రెండు జెరాక్సులు తీయించుకురా’ అంటాం. జెరాక్స్ అన్నది ఓ అమెరికన్ కంపెనీ పేరన్న సంగతి కూడా మరిచిపోయేంతగా ఆ మాట మనదైపోయింది. ఆ కంపెనీకి 1980ల్లో ఓ కుతూహలం కలిగింది. ఆఫీసులకు వెళ్లి యంత్రాలు బాగుచేసే తమ టెక్నీషియన్లు నిజానికి పని ఎలా చేస్తున్నారు? కంపెనీ అయితే వాళ్లకి లావుపాటి మాన్యువళ్లు ఇచ్చింది. యంత్రం తెరమీద ఫలానా ఎర్రర్ కోడ్ వస్తే ఫలానా పేజీ తియ్యాలి, అందులో చెప్పినట్టు చెయ్యాలి... అంతే. ఆ మాత్రం దానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదన్నది పైవాళ్ల నమ్మకం.

జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త ఆ సంగతి చూద్దామని టెక్నీషియన్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఆయన పనిచేసేది కాలిఫోర్నియాలో అప్పట్లో జెరాక్స్‌కే చెందిన ‘పార్క్’ అనే పరిశోధన కేంద్రంలో. మానవశాస్త్రవేత్తలంటే కొండకోనల్లోకి వెళ్లి గిరిజనుల జీవితాన్ని గమనిస్తారు కదా, ఈయన ఫొటోకాపీ మెకానిక్కుల్ని గమనించాడన్నమాట!

టిఫిన్ దగ్గర అసలు క్లాసు

ఆయనకు కనిపించిందేమిటంటే... అసలు పని యంత్రం ముందు కాదు, టిఫిన్ బల్ల దగ్గర మొదలవుతోంది. పొద్దున్నే నలుగురూ కలిసి తింటూ, కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. పైనుంచి చూసే మేనేజర్‌కి అది కాలక్షేపం. కానీ ఆ కబుర్లన్నీ యంత్రాల గురించే. ‘నిన్న ఫలానా ఆఫీసులో మిషన్ ఇలా మొరాయించింది, కోడ్ చూస్తే ఇంకేదో చెబుతోంది, తీరా విప్పి చూద్దును కదా...’ ఇలా సాగుతుంది కథ. ఇంకొకాయన అందుకుని తన కథ చెబుతాడు.

ఓసారి కొత్తగా బిగించిన యంత్రం ఒకటి పదే పదే ఆగిపోతోంది. అది చూపించే కోడ్ ప్రకారం చేస్తే ఏమీ ఒరగలేదు. టెక్నీషియన్ తనకన్నా అనుభవజ్ఞుణ్ని పిలిపించాడు. ఆయనకీ అంతుపట్టలేదు. ఇక ఇద్దరూ యంత్రం పక్కనే నిలబడి... ‘అప్పుడోసారి ఇలాగే అయింది గుర్తుందా?’ అంటూ పాత కథలు తవ్వుకోవడం మొదలుపెట్టారు. గంటల తరబడి అలా చెప్పుకోగా చెప్పుకోగా, ఒకరి కథలో ముక్క ఇంకొకరి కథలో ముక్కకి అతికి లోపం ఎక్కడుందో బయటపడింది. ఆ జవాబు ఏ మాన్యువల్లోనూ లేదు. ఇద్దరిలో ఏ ఒక్కరి దగ్గరా లేదు! ఆర్ 1996లో ఈ అనుభవాలన్నిటినీ పుస్తకంగా తెచ్చాడు.

ఇలాంటి నివేదిక చేతికొస్తే చాలా కంపెనీలు చేసే పని ఏమిటో ఊహించవచ్చు. టిఫిన్ సమయం పదిహేను నిమిషాలకు కుదించేస్తాయి. జెరాక్స్ ఆ పని చెయ్యలేదు. మొదట డెన్వర్ ప్రాంతంలో టెక్నీషియన్లకి రేడియో సెట్లు ఇచ్చి చూసింది, ఎక్కడున్నా ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా. అది బాగానే పనిచేసింది కానీ ఒకటే ఇబ్బంది... మాట గాల్లో కలిసిపోతుంది. ఆ పూట విన్నవాడికి దక్కుతుంది, మర్నాడు చేరినవాడికి దక్కదు. అక్కణ్నుంచి పుట్టిందే ‘యురేకా’.

డబ్బా... పేరా?

1990ల్లో ఈ యురేకా ముందుగా ఫ్రాన్స్‌లో నడిచింది. అప్పటికి ఇంటర్నెట్ ఇంకా ఇంటింటికీ చేరలేదు. ఫ్రాన్స్‌లో టెలిఫోను లైన్ల మీద నడిచే ‘మినిటెల్’ అనే చిన్న తెరలుండేవి, వాటినే వాడుకున్నారు. ఏర్పాటు చాలా సాదాసీదాది. టెక్నీషియన్‌కి మాన్యువల్లో లేని కిటుకు దొరికితే రాసి పంపుతాడు. అనుభవజ్ఞులైన తోటి టెక్నీషియన్లు పరీక్షిస్తారు. పనికొస్తుందనుకుంటే అందరికీ కనిపించేలా పెడతారు, కింద రాసినవాడి పేరుతో సహా.

అన్నిటికన్నా ముఖ్యం ఆ పేరే. కిటుకు రాసినవాళ్లకి డబ్బిద్దామా అన్న ఆలోచన వచ్చింది. టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు పెడితే ఎన్ని రాశామన్నదే చూస్తారు కానీ ఏం రాశామన్నది ఎవరు చూస్తారని వాళ్ల బెంగ. పేరు ఉంటే చాలన్నారు. ఆ పేరు ఎంత పనిచేసిందంటే, కెనడాలో టెక్నీషియన్ల సమావేశానికి మంచి కిటుకులు రాసిన ఒకాయన వస్తే హాల్లో వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టమని పైనుంచి సర్క్యులర్ ఏమీ రాలేదు!

ఈ ఏర్పాటుతో కంపెనీకి కోట్ల డాలర్లు ఆదా అయ్యాయి. బ్రెజిల్‌లో 40 వేల డాలర్ల యంత్రాన్ని మార్చేయడానికి సిద్ధపడ్డ టెక్నీషియన్, ఆఖరి ప్రయత్నంగా యురేకాలో వెతికాడు. కెనడాలోని మాంట్రియల్ నుంచి ఎవరో రాసిన కిటుకు కనిపించింది. డాలరు కూడా చెయ్యని చిన్న భాగం మార్చితే యంత్రం నడిచింది.

దీనికి పూర్తిగా అటువైపు నుంచి వచ్చిన అనుభవం మన దేశంలోనే ఉంది. ఇన్ఫోసిస్ తన ఉద్యోగులు తెలిసిన విషయాలు రాసి అందరితో పంచుకోవాలని ఓ వేదిక పెట్టింది. ఉత్సాహం కలిగించడానికి ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ ఇచ్చింది. రాసినా యూనిట్లే, చదివి బాగోగులు చెప్పినా యూనిట్లే. పోగేసి బహుమతులు తీసుకోవచ్చు. ఇంకేం, వేదిక నిండిపోయింది. నిండాక తెలిసింది ఇబ్బంది... వచ్చిపడేవాటిని పరీక్షించేవాళ్లకి ఊపిరాడలేదు, సరుకు నాణ్యత మీద అనుమానాలు మొదలయ్యాయి. చివరికి కంపెనీ ఆ యూనిట్ల పద్ధతినే మార్చుకుంది. రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి అనే పరిశోధకులు 2005లో ఈ కథనంతా విప్పి చూపించారు. తప్పు పట్టడానికేం లేదు. పొరపాటని తెలిసి మార్చుకున్నారు, చాలామంది అదీ చెయ్యరు.

కాజాల నుంచి కటింగ్ దాకా

నిజానికి ఇదంతా కొత్త విద్యేం కాదు. జీన్ లేవ్ అనే పరిశోధకురాలు ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను గమనించింది. వాళ్లకి పాఠాలుండవు. మొదట గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి ఆఖరి పనులిస్తారు. అవి చేస్తూ చేస్తూ బట్ట ఎలా తయారవుతుందో తెలుసుకుని కుట్టుకు వస్తారు. కటింగ్ అన్నిటికన్నా చివర. మన ఊళ్లో టైలర్ షాపు తెలిసినవాళ్లకి ఇందులో వింతేముంది? చేరిన కుర్రాడు ముందు కాజాలే కదా కుట్టేది! 1991లో ఆమె ఎటియెన్ వెంగర్‌తో కలిసి రాసిన పుస్తకం ‘కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్’ అనే మాటని ప్రచారంలోకి తెచ్చింది. ఒకే పని చేస్తూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే జట్టు అని దానర్థం.

పోస్టర్ వెనక బాంబు

సైన్యంలో అయితే ఇది ప్రాణాల సంగతి. హవాయిలో పనిచేసే ఇద్దరు అమెరికన్ అధికారులు, నేట్ ఆలెన్, టోనీ బర్జెస్, సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని తమ కంపెనీల కష్టసుఖాలు మాట్లాడుకునేవారు. ఈ మాటలు తమలాంటి కెప్టెన్లందరికీ ఉపయోగపడితే బాగుండునని 2000లో ‘కంపెనీ కమాండ్’ అనే వెబ్‌సైట్ తెరిచారు. రాసేదీ చదివేదీ కెప్టెన్లే. 2002లో సైన్యం దాన్ని తన వెస్ట్‌పాయింట్ అకాడమీ నీడలోకి తెచ్చుకుంది.

2004లో బాగ్దాద్‌లో ఉన్న మరో దళం ఇలాంటిదే ‘క్యావ్‌నెట్’ అని పెట్టుకుంది. గోడల మీద పోస్టర్లు కనిపిస్తే సైనికులు చించేస్తున్నారని గమనించి, శత్రువులు వాటి వెనక బాంబులు పెడుతున్నారని ఎవరో అందులో రాశారు. అది చదివిన ఓ యువ అధికారి తర్వాత పోస్టర్ కనపడగానే తన వాళ్లని ఆపి, వెనక ఏముందో చూడమన్నాడు. బాంబు ఉంది! అదే హెచ్చరిక పద్ధతి ప్రకారం పైకి వెళ్లి, ఆమోదం పొంది, సర్క్యులర్‌గా కిందికి దిగి ఉంటే... ఎన్నాళ్లు పట్టేదో!

గుడ్ మార్నింగుల మధ్య

ఇక మన వాట్సాప్ గ్రూపులు. బడి టీచర్లకీ, బ్యాంకు ఉద్యోగులకీ, మెకానిక్కులకీ అన్నిటికీ ఉన్నాయి. పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్, పండగైతే యాభై శుభాకాంక్షలు, మధ్యలో ఎవరో అడిగిన అసలు ప్రశ్న. జవాబు వచ్చినా వారం తర్వాత వెతికితే దొరకదు. అంటే మనం ఇంకా డెన్వర్ రేడియోల దగ్గరే ఉన్నామన్నమాట.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. గ్రూపులో పై అధికారి ఉంటే ఎవరూ నోరు మెదపరు. ‘ఈ మాత్రం తెలీదా’ అనుకుంటారేమోనని భయం. అడిగేవాళ్లే లేకపోతే చెప్పేవాళ్లు మాత్రం ఏం చెబుతారు? పెద్ద సాఫ్ట్‌వేర్ కొంటే ఇది తీరదు. ఆఫీసుల కోసమని ఫేస్‌బుక్ 2016లో తెచ్చిన ‘వర్క్‌ప్లేస్’ను 2024లో మూసేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మరోవైపు, ముప్పై ఏళ్ల సర్వీసు పూర్తయినవాళ్లకి శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి పంపేస్తాం. ఆయనకు తెలిసిన కిటుకులన్నీ ఆయనతోపాటే ఇంటికెళ్లిపోతాయి. సన్మానానికి ముందు ఓ నెలరోజులు కొత్త కుర్రాళ్లని ఆయన పక్కన కూర్చోబెట్టినా కొంత మిగిలేది.

ఇప్పుడు మరో మలుపు. మన పిల్లల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లని అడగండి, ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ గురించి చెబుతారు. 2008లో మొదలైన ఈ సైట్‌లో ప్రోగ్రామర్లు ప్రశ్నలడుగుతారు, ముక్కూ మొహం తెలియనివాళ్లు జవాబులిస్తారు. బాగా చెప్పినవాళ్ల పేరు పక్కన పాయింట్లు. వాటితో వచ్చేది డబ్బు కాదు, పరువు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. నిజమే, యంత్రాన్ని అడగడంలో సిగ్గుపడాల్సిన పని లేదు, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. కాకపోతే అక్కడ దొరికిన జవాబు అడిగినవాడి దగ్గరే ఉండిపోతుంది. పక్క సీటువాడు అదే చిక్కులో పడితే మళ్లీ మొదట్నుంచీ అడుక్కోవాలి. యంత్రాలకు ఆ విద్య నేర్పిన సరుకులో ఇలాంటి మనుషులు ఏళ్ల తరబడి రాసిపెట్టిన జవాబులూ ఉన్నాయి. రేపు కొత్త చిక్కులు వచ్చినప్పుడు వాటి జవాబులు రాసేదెవరన్నది ఆ రంగంలో పెద్దలకే ఇంకా తేలని ప్రశ్న.