కాగితమంత కవచం

పిల్లలూ, మీ దగ్గర రెండువందల పేజీల నోటుబుక్కు ఉంటే తీయండి. అట్టలు వదిలేసి, కాగితాలను గట్టిగా నొక్కిపట్టి, స్కేలుతో మందం కొలవండి. పేజీలు రెండువందలైనా కాగితాలు నూరే గదా! ఆ నూరూ కలిసి ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువగా వస్తాయి. అంటే ఒక్కొక్క కాగితం మందం మిల్లీమీటరులో ఇంచుమించు పదోవంతు. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

మా ఊరు అత్వెల్లి, మేడ్చల్‌ను ఆనుకొని ఉంటుంది. హైదరాబాదునుంచి నాగపూరు పోయే పెద్దరోడ్డు మా మీదుగానే పోతుంది. ఒకప్పుడు దాన్ని 7వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడది 44వ నంబరు. రాత్రింబగళ్ళు లారీలు పోతూనే ఉంటాయి. వాటి దుమ్ము మా అరుగులమీదా, వేపాకులమీదా, కార్లమీదా పడుతూనే ఉంటుంది.

మా వీధిలో ఒకాయన కిరాయికి కారు తిప్పుతాడు. ముదురు నీలం రంగు కారు. దానిమీద అప్పు ఇంకా తీరలేదు. ఆయన కూతురు ఆరో తరగతి చదువుతూ సాయంత్రాలు నా దగ్గరకు లెక్కలకు వస్తుంది. "నాన్నకు సాయం చెయ్యాలి బిడ్డా, కారు తుడిచిపెట్టినా సాయమే" అని ఒకనాడు నేనే అన్నాను. ఎలా తుడవాలో మాత్రం చెప్పలేదు. చెబుదామన్నా అప్పటికి నాకు తెలియదు.

వారం తిరక్కుండానే ఆయన నా గుమ్మంలోకి వచ్చాడు.

"సారూ, జర బయటికొచ్చి చూడుండ్రి. పిట్ట రెట్ట పోతలేదని గిన్నెలు తోమే పీచుతోని రాకింది."

బానెట్టుమీద అరచేతి వెడల్పున మెరుపు పోయి తెల్లగా ఉంది. కారంతా పొడిగుడ్డతో గట్టిగా రుద్దినట్టుంది, ఎండలో చూస్తే సాలెగూడులాగా సన్నని గీతలు. పిల్ల తలుపు చాటున నిలబడి ఏడుస్తున్నది.

"దాన్నేమీ అనకు. తుడవమని చెప్పింది నేను" అన్నాను.

"అననులే సార్. కని రేపు అమ్మబోతే గీ గీతలు జూసి ధర తెగ్గోస్తరు" అన్నాడు.

మరునాడు నేను మేడ్చల్‌లో కార్లకు రంగువేసే షెడ్డుకు పోయి ఒక పూటంతా కూర్చున్నాను. అక్కడ విన్నదీ, తరువాత పుస్తకాల్లో చదివినదీ మీకు చెబుతాను.

కారు ఒళ్ళంతా పలుచని ఉక్కురేకు. ఉక్కుకు గాలీ నీరూ తగిలితే తుప్పు పడుతుంది. అందుచేత కార్ఖానాలో ఆ రేకును ముందుగా ఫాస్ఫేటు ద్రావణంలో తడుపుతారు. తరువాత రంగుతొట్టిలో ముంచి విద్యుత్తు పంపుతారు. విద్యుత్తు బలంవల్ల చెయ్యి దూరని మూలల్లో సైతం రంగు అంటుకుంటుంది. దానిమీద ప్రైమరు, ఆపైన మనం చూసే రంగు, అన్నిటికన్నా పైన గాజులాంటి రంగులేని పూత. దీన్ని క్లియర్‌కోటు అంటారు.

ఇన్ని పూతలూ కలిసి ఎంత మందమనుకున్నారు? సుమారు 100 మొదలు 120 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంటే, ఇందాక మీరు కొలిచిన ఒక్క కాగితమంత! అందులో సగానికి కాస్త తక్కువే ఆ గాజు పూత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును తినెయ్యకుండా అడ్డుపడేది అదే. గీతలు పోవాలని పాలిషు పట్టిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. బాగా అరిగితే రంగు వెలిసి, పెచ్చులు లేస్తుంది.

పూర్వం ఈ పని ఇంకా కష్టం. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు చూడవచ్చు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న కారు అది. పాపం, అది చేతికి రాకముందే 1911లో ఆయన కాలం చేశాడు. ఆ రోజుల్లో కార్లకు కూడా గుర్రపుబండ్లకు వేసినట్టే కుంచెతో వార్నిషు వేసి, ఆరాక రుద్ది, మళ్ళీ వేసేవారు. ఒక్క కారుకు వారాల తరబడి పట్టేది. అమెరికాలో 1920 తరువాతి సంవత్సరాల్లో డ్యూకో అనే రంగు వచ్చి, ఆ వారాలను గంటల్లోకి దించింది. ఆ పేరు మనకూ కొత్త కాదు. మా రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే నిర్మల్ వస్తుంది. అక్కడి చిత్రకారులు కొయ్యపలకలమీద బొమ్మలు వేసేది డ్యూకో రంగులతోనే!

సరే, మన దుమ్ము సంగతికి వద్దాం. మా చుట్టుపట్ల గుట్టలన్నీ గ్రానైటు రాళ్ళు. గ్రానైటు అరిగి రాలిన ఇసుకలో స్ఫటికం ఉంటుంది. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఖనిజాల కాఠిన్యానికి 1 నుంచి 10 దాకా ఒక కొలత పెట్టాడు. అందులో స్ఫటికానిది 7వ స్థానం. అది గాజునైనా గీస్తుంది. దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. గుడ్డ ఎంత మెత్తనిదైనా ఒకటే, గీసేది గుడ్డ కాదు, దానికింద చిక్కుకున్న ఇసుక. మీ స్టీలు కంచాన్ని ఎండలో పట్టి చూడండి. సూర్యబింబం చుట్టూ గుండ్రంగా గీతలు కనబడతాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి గనుక గుండ్రంగా తోస్తాయి. కారుమీది సాలెగూడూ అంతే.

ఇక పిట్ట రెట్ట. పక్షులకు మూత్రం వేరుగా రాదు. రెట్టలోని తెల్లనిదంతా యూరిక్ ఆమ్లం. ఎండకు పై పూత మెత్తబడినప్పుడు రెట్ట దానిమీద ఎండి గట్టిపడుతుంది. రాత్రి చల్లబడ్డాక పూత ఆ గరుకు ఆకారానికే బిగుసుకుని మెరుపు పోగొట్టుకుంటుంది. అందుచేత ఆలస్యం పనికిరాదు, గోకడం అసలే పనికిరాదు. తడిగుడ్డ పరిచి పది నిమిషాలు ఉంచితే రెట్ట నానుతుంది. అప్పుడు మెల్లగా ఎత్తేయాలి.

కారును నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ముందు ధారాళంగా నీళ్ళు పోసి ఇసుకను జారిపోనివ్వాలి. ఆ తరువాతనే గుడ్డ. బాల్చీలు రెండుండాలి: ఒకదానిలో కార్లకు వాడే షాంపూ నీళ్ళు, రెండోదానిలో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు. పైకప్పునుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెల సబ్బు వద్దు, అది మైనాన్ని ఊడ్చేస్తుంది. మాది బోరు నీరు. అది దానంతటది ఆరితే సున్నపు మచ్చలు పడతాయి, వెంటనే మెత్తని తువ్వాలుతో అద్దాలి.

మైనం అన్నాను గదా! బ్రెజిల్ దేశంలో కార్నూబా అనే తాటిజాతి చెట్టు ఉంది. ఎండకు నీరు ఆవిరైపోకుండా అది తన ఆకులకు మైనం పూసుకుంటుంది. ఆకులు ఎండబెట్టి దులిపితే మైనం రాలుతుంది. 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. కడిగిన కారుకు దీన్ని పలుచగా పూస్తే, చేమాకుమీద లాగా నీళ్ళు ముత్యాలై జారిపోతాయి. రెండు మూడు నెలలకొకసారి పూసుకుంటే చాలు.

ఆ నీలం కారుకు షెడ్డులో ఒకసారి పాలిషు పట్టారు. ఖర్చులో సగం నేను పెట్టుకుంటానంటే ఆయన మొదట ఒప్పుకోలేదు, తరువాత ఒప్పుకున్నాడు. సాలెగూడు చాలావరకు పోయింది. పీచు మచ్చ మాత్రం లోతుగా ఉన్నదని షెడ్డువాళ్ళు అలాగే వదిలేశారు.

పిల్ల నెల రోజులు కారు దగ్గరకు పోలేదు. మొన్న ఆదివారం నేను రెండు బాల్చీలు పట్టుకుపోయి పిలిచాను. ఇద్దరం కలిసి కడిగాం. అయిపోయాక జాడించిన నీళ్ళు మెల్లగా వంపేసి, అడుగున మిగిలిన ఇసుకను చెంచాతో తీసి, "సార్, గింత ఇసుకా!" అని నాకు చూపించింది. చెంచాడు నిండా ఉంది.