‘సారీ’ అంటే అన్నిచోట్లా ‘క్షమించు’ కాదు
మా క్లాసులో ఒక పాప, తాతయ్య పోయారని తెలిసి ఫోన్లో అమ్మమ్మతో "నన్ను క్షమించు అమ్మమ్మా" అందట. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. తప్పు పాపది కాదండీ, అలా నేర్పింది మనమే.

‘సారీ’ పాత ఇంగ్లీషులో ‘సారిగ్’. నొప్పి అనే అర్థమున్న ‘సార్’ నుంచి వచ్చింది. (దుఃఖమనే అర్థమున్న ‘సారో’తో పోలిక కనిపించినా దాని పుట్టుక వేరు.) అంటే ముందు బాధ, క్షమాపణ తర్వాత చేరింది. అందుకే ఇంగ్లీషులో చావు కబురుకీ, కాలు తొక్కినందుకూ, మాట వినపడనందుకూ అదే సరిపోతుంది.

మనకలా కుదరదు. కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకుంటాం, మాటే అక్కర్లేదు. వినపడకపోతే "ఏమన్నారండీ?" తప్పు చేస్తే "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను". చావు కబురైతే "అయ్యో" అని, కాసేపాగి, "అమ్మమ్మా, అన్నం తిన్నావా?" అంటే చాలు. ఈ చివరిది పిల్లలతో ఇంట్లో ఒకసారి ఫోన్ ఆటలా అనిపించి చూడండి.