ఆరు కాళ్ల మీద ఊగే కారు

రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు ఎక్కించుకున్న లారీ రాజమండ్రి వైపు మళ్లి గౌతమి వంతెన ఎక్కబోతోందనుకోండి. వేగం గంటకు 60 కిలోమీటర్లు. ముందు ఏదో బండి ఆగి ఉంది. గెలలు ఒరిగిపోకుండా డ్రైవరు ఓ మోస్తరుగా బ్రేకు తొక్కితే లారీ ఆగడానికి ఐదున్నర సెకన్లు, 46 మీటర్లు కావాలి. పెడల్‌ను ఇంకాస్త నొక్కాలా, కొంచెం వదలాలా అన్నది అతనికి కళ్లతో పాటు ముందుకు తూగే మెడ చెబుతుంది, సీటు మీద జారే నడుము చెబుతుంది, లోపలి చెవి చెబుతుంది.

అదే మనిషిని కదలని కుర్చీలో తెర ముందు కూర్చోబెడితే బ్రేకు తొక్కే తీరే మారిపోతుంది. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ కదిలే సిమ్యులేటర్ మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2001లో వెలువడ్డాయి. కదలిక ఆపేసినప్పుడు డ్రైవర్లు అసహజమైనంత గట్టిగా బ్రేకు వేశారు. ఎంత తొక్కినా ఒంటికి జవాబు రాకపోతే కాలికి అదుపు ఎక్కడిది?

ఈ జవాబు పుట్టించే యంత్రం మొదట కారు కోసం పుట్టలేదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గన్ వాద్యాలు తయారు చేసే కార్ఖానా ఉండేది. మన హార్మోనియంలో గాలి తోలే తిత్తి లాంటివే ఆర్గన్లోనూ ఉంటాయి. ఆ తిత్తుల మీద చిన్న విమానం బొమ్మను కూర్చోబెట్టి, అటూ ఇటూ ఒరిగేలా చేసి, 1929లో లింక్ పైలట్ల శిక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. 1934లో టపా మోసే సైనిక పైలట్లు వరసగా ప్రమాదాల్లో చనిపోయాకే అమెరికా సైన్యం దాన్ని కొన్నది.

తరువాతి మలుపు టైర్ల దగ్గర వచ్చింది. 1950ల్లో ఇంగ్లాండులోని డన్‌లప్ కంపెనీలో ఎరిక్ గాఫ్ టైర్లను పరీక్షించడానికి ఆరు కాళ్ల వేదిక కట్టాడు. ఒక్కో కాలు విడివిడిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. దాంతో వేదిక ముందుకూ పక్కకూ పైకీ జరగగలదు, మూడు రకాలుగా ఒరగగలదు, తిరగగలదు. 1965లో స్టీవర్ట్ అనే ఇంజినీరు విమాన సిమ్యులేటర్ల కోసం ఇలాంటి వేదిక గురించి వ్యాసం రాయడంతో పేరు ఆయనకు దక్కింది. గాఫ్ పేరే ముందు చెప్పాలని నా అభిప్రాయం.

కాళ్లు సాగేది కొద్ది దూరమే. 46 మీటర్ల బ్రేకును గదిలో ఎలా పట్టించాలి? ఇక్కడే చెవిని ఏమారుస్తారు. లోపలి చెవిలోని అర్ధవలయాకారపు గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి. జిగురు పొర మీద ఉండే సున్నపు కణికలు ఒంటి మీద పడే లాగుడును చెబుతాయి. ఆ లాగుడు బ్రేకు వల్లనా, తల వాలడం వల్లనా అన్నది కణికలకు తెలియదు. కాబట్టి తెరతో సహా క్యాబిన్‌ను మెల్లగా ముందుకు వాలుస్తారు. కంటికి రోడ్డు సమంగానే ఉంటుంది. భూమ్యాకర్షణ ఒంటిని ముందుకు లాగుతుంది. మెదడు దాన్ని బ్రేకు అనుకుంటుంది.

చిక్కల్లా వేగంతోనే. సెకనుకు సుమారు 3 డిగ్రీలు మించి వాల్చితే గొట్టాలు పట్టేస్తాయి. మన లారీ బ్రేకుకు 17, 18 డిగ్రీల వాలు కావాలి. అంటే దాదాపు ఆరు సెకన్లు. వాలు పూర్తయ్యేలోపు లారీ ఆగిపోయి ఉంటుంది! అందుకే ఆరు కాళ్ల వేదికను పట్టాల మీద పెట్టి, మొదటి కుదుపును నిజంగా జరిపి చూపిస్తారు, ఆ తర్వాత వాలు అందుకుంటుంది. జపాన్‌లో టొయోటా 2007లో కట్టిన సిమ్యులేటర్ 35 మీటర్ల పొడవున, 20 మీటర్ల వెడల్పున పరుగెడుతుంది. అంతటిదానిలో కూడా మన 46 మీటర్లు పట్టవు కనుక కదలికను తగ్గించి చూపించక తప్పదు.

ఇంత ఖర్చు దేనికంటారా? డైమ్లర్-బెంజ్ 1985లో బెర్లిన్‌లో ప్రారంభించిన సిమ్యులేటర్‌లో, ఆపద ఎదురైనప్పుడు చాలామంది బ్రేకును చటుక్కున తొక్కుతారే గానీ పూర్తి బలంతో తొక్కరని తేలింది. ఆ లోటు పూడ్చే బ్రేక్ అసిస్ట్ 1996లో మెర్సిడెస్ కార్లలోకి వచ్చింది. ఇది ప్రాణాలు నిలిపే పరిశోధన. అలాగని ప్రతి ప్రశ్నకూ పట్టాలు అక్కర్లేదు. సూచిక బోర్డు కనబడిందా లేదా అన్నది కదలని కుర్చీలోనే తేల్చవచ్చు. పైగా కంటికి కనబడినదాని వెనక ఆలస్యంగా వచ్చే కదలిక కడుపులో తిప్పుతుంది, అంతకన్నా కదలిక లేకపోవడమే మేలు.

మనకు చేతనైనవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1993లో మొదలైన హైదరాబాద్ కంపెనీ జెన్ టెక్నాలజీస్ డ్రైవింగ్ శిక్షణకూ సైనిక శిక్షణకూ సిమ్యులేటర్లు తయారు చేస్తోంది. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవరు లేని వాహనాల పరీక్షకు తిహాన్ అనే క్షేత్రం ఉంది. వాళ్ల ముందు పెట్టాలని నాకు గట్టిగా అనిపించే ప్రశ్న మాత్రం మా డెల్టాది. కోతలయ్యాక తారు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తారు. ఒక పక్క కాలువ. మోటారుసైకిలు గింజల మీదికెక్కి వెనక చక్రం పక్కకు జారడం మొదలెడితే, ఆ సంగతి కంటికన్నా ముందు నడుముకు తెలుస్తుంది. నిజం రోడ్డు మీద మనిషిని పెట్టి దీన్ని పరీక్షించలేం, కదలని కుర్చీలో ఆ జారుడే ఉండదు. దీనికి పక్కకు జరిగే పట్టాలు కావాలి, తెర మీద మా కాలువ గట్టు కావాలి.