పెరటి దడి ఒరిగితే ఆడవాళ్లకే అవస్థ

అమలాపురం: కోనసీమ పల్లెల్లో ఇంటి ముందు వాకిలి ఊరందరిదీ, వెనుక పెరడు ఆడవాళ్లదీ. బోరింగు పంపు, నీళ్ల గాబు, కాగు, బట్టలుతికే బండ అన్నీ అక్కడే. ఆ పెరటికి, పక్కన పోయే పుంతకీ మధ్య అడ్డంగా నిలిచేది దడి ఒక్కటే. గాలివానకు దడి ఒరిగిందంటే మగవాళ్లు పంపు దగ్గరో, కాలువలోనో నాలుగు చెంబులు పోసుకుని పోతారు. ఆడవాళ్లు మాత్రం తెల్లవారకముందే లేచి స్నానం ముగించాలి, లేదా చీకటి పడేదాకా ఆగాలి. బాలింతకు పొద్దెక్కాక వేడినీళ్లు పోయాలంటే ఇద్దరు దుప్పటి పట్టుకుని నిలబడాలి.

స్వచ్ఛభారత్ పథకం 2014 అక్టోబర్ 2న మొదలయ్యాక చాలా ఇళ్లలో మరుగుదొడ్లు కట్టుకున్నారు. ఆ సొమ్ము మరుగుదొడ్డికే గాని స్నానాల గదికి కాదు. చేతిలో డబ్బున్నవారు పక్కనే మరో గది లేపుకున్నారు. లేనివారికి నేటికీ దడే దిక్కు.

కొబ్బరి చెట్లకు కొదవలేని సీమలో దడికి కరువేమిటని అడగవచ్చు. మట్టలు రాలుతూనే ఉన్నాయి, అల్లేవారే లేరు. పూర్వం పచ్చి మట్టను నడిమికి చీల్చి, కొన్నాళ్లు కాలువ నీటిలో నానబెట్టి తడికలు అల్లేవారు. ఇళ్లు నేసే కూలీలే వేసవిలో దడులు కూడా కట్టేవారు. తాటాకిళ్లు పోయి డాబాలు వచ్చాక నేతపని తగ్గింది, నేతతో పాటు దడి కట్టే చేతులూ తగ్గాయి. ఇప్పుడు మట్టలు పొయ్యిలోకో, కాలువ గట్టుకో పోతున్నాయి.

దడి స్థానంలో పాత చీరలు, యూరియా సంచులు, ఎన్నికలయ్యాక విప్పిన నాయకుల ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. నాయకులు ఆ విధంగానైనా ఇంటింటికీ ఉపయోగపడుతున్నారనుకోవాలి. కొందరు కడియం నర్సరీల్లో మొక్కల మీద ఎండ పడకుండా కప్పే పచ్చ వల కొనితెచ్చి చుడుతున్నారు. పగలు అది బాగానే చాటు ఇస్తుంది. రాత్రి లోపల బల్బు వెలిగిస్తే మాత్రం మనిషి నీడ బయటికి స్పష్టంగా కనబడుతుంది. ఈ సంగతి ఇంట్లోవారికి తెలియదు, పుంతలో పోయేవారికి తెలుస్తుంది. వల కట్టుకున్నవారు బల్బును దడికి బయటివైపు పెట్టుకోవడం మంచిది.

రేకులు పాతినవారికి వేరే చిక్కు. గాలి రేకులోంచి పోలేదు, రేకునే తోసుకుపోతుంది. 1996 నవంబర్ తుపానులో కొబ్బరి చెట్లే కూలిన ప్రాంతమిది. అల్లిన తడికలో సందులుంటాయి గనుక మామూలు ఈదురుగాలికి కొంత ఓర్చుకుంటుంది. పడినా మనిషికి దెబ్బ తక్కువ.

చూడముచ్చటగా, నాలుగేళ్లు నిలిచేలా కావాలంటే వెదురు తడికే మేలు. మేదర్లు పైబెరడు బద్దను, లోపలి తెల్లబద్దను మార్చి మార్చి అల్లితే తడిక మీద గళ్లు తేలతాయి. వెదురును అల్లకముందు రెండు మూడు వారాలు నీటిలో నానవేస్తే పుచ్చు పురుగు తక్కువ పడుతుంది. తొందరలో ఈ పని మానేసి, ఏడాదికే పిండి రాలుతోందని మేదరిని తిట్టేవారున్నారు.

రాటలకు సరుగుడు చాలు. భూమిలోకి పోయే కొసను పైపైన కాల్చి, తారు పూసి, రెండడుగుల లోతు పాతాలి. రాటకూ రాటకూ ఐదారు అడుగులకు మించి ఎడం వద్దు. తడికను జోడు బద్దల మధ్య ఇరికించి మూడు వరుసల్లో బిగించాలి. అడుగుభాగం నేలకు తగిలితే చెద ఎక్కుతుంది. జానెడు ఎత్తున ఆపి, కింద ఇటుక వరుస పేర్చుకుంటే కోళ్లూ దూరవు.

హద్దు మాట మరువరాదు. రాటలు తన స్థలంలోకి జానెడు లోపలికే పాతుకుంటే పక్కింటితో పేచీ ఉండదు. తడిక పాతదై మార్చిన ప్రతిసారీ బెత్తెడు అవతలికి జరిగే దడుల వల్ల అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్లు పల్లెల్లో తక్కువేమీ కాదు.

దడి ఎంత ఎత్తు కట్టినా తీరని బెడద మరొకటి వచ్చిపడింది. పక్కిల్లు మేడ అయితే పైనుంచి పెరడంతా కనిపిస్తుంది. మేడవారిని కిటికీ మూసుకోమనలేం. దీనికి స్నానాల చోటు మీద చిన్న పందిరి వేసి తీగ పాకించడమే సులువు. కాశీరత్నం ఎర్రటి పువ్వులతో కంటికి ఇంపుగా ఉంటుంది గాని ఏడాది తిరక్కుండా ఎండిపోతుంది. చిక్కుడు కూడా వేసవికి బోసిపోతుంది, చాటు అప్పుడే పోతుంది. దొండ ఏళ్ల తరబడి నిలుస్తుంది, పైగా కూరకు కాయ.

రోహిణి కార్తె దాటకుండా రాటలు, తడిక పని ముగించి, తొలకరి పడగానే దొండతీగ ముక్క నాటితే శ్రావణమాసం నాటికి పందిరి ఎక్కుతుంది. అందాకా పందిరి మీద రెండు కొబ్బరి మట్టలు పరుచుకోవచ్చు.